కేకు కొలతలు గ్రాముల్లో రాయండి

వంటల పుస్తకాలు రాసేవారికి, అచ్చువేసేవారికి, వాటిని చూసి ఇంట్లో కేకు చేసుకునేవారికి విజ్ఞప్తి

‘రెండు కప్పుల మైదా’ అని రాసిన పుస్తకం అసలు ఎంత పిండి వేయమంటోంది? చెంచాతో మెల్లగా కప్పు నింపి పైన కత్తితో చదును చేస్తే కప్పుకు దాదాపు 120 గ్రాములు పడుతుంది. అదే కప్పును డబ్బాలో ముంచి తీస్తే 140, అదిమితే 150. రెండు కప్పులకు 60 గ్రాముల తేడా, అంటే కావలసినదానికన్నా పావు వంతు ఎక్కువ. కేకు గట్టిపడి, పైన పగిలి, నోట్లో పొడిపొడిగా తగిలితే చేసినామె తన చేతిని తిట్టుకుంటుంది, ఓవెన్‌ను అనుమానిస్తుంది. తప్పు ఆమెది కాదు, ఆ కొలత రాసినవారిది.

పైగా కప్పు అంటే ఏ కప్పు? అమెరికాది సుమారు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాది 250, జపాన్‌ది 200. మన ఇళ్లలో అది టీ కప్పూ కావచ్చు, స్టీలు గ్లాసూ కావచ్చు.

వెన్న సంగతి చూడండి. అమెరికాలో వెన్న కడ్డీ ఒక్కొక్కటి సుమారు 113 గ్రాములు, సరిగ్గా అర కప్పు. అక్కడివారికి ‘అర కప్పు వెన్న’ అంటే చాలు. మనకు దొరికేది 100 గ్రాముల ప్యాకెట్టు, 500 గ్రాముల ప్యాకెట్టు. ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి వెన్నను కప్పులో కుక్కి కొలవమనడం ఏం న్యాయం? మైదా, చక్కెర, కోకో అన్నీ తూకానికే కొంటున్నాం. ఇంటికి వచ్చాక మాత్రం అంచనాకు వదిలేస్తున్నాం.

1896లో బోస్టన్‌లో ఫానీ ఫార్మర్ తన వంటల పుస్తకంలో కప్పునూ చెంచానూ చదును చేసే కొలవాలని పట్టుబట్టారు. ‘గుడ్డంత వెన్న’ అని రాసుకునే కాలంలో అది గొప్ప సంస్కరణ. ఇవాళ కొన్ని వందల రూపాయలకే డిజిటల్ కాటా వస్తోంది. ఇంకో అడుగు వేయడానికి అడ్డేమిటి?

మన అమ్మమ్మలు ఏ కాటా పెట్టుకుని వండారని అడిగేవారుంటారు. నిజమే, సోల, తవ్వ, గిద్దలతో, చేతి అంచనాతో అద్భుతంగా వండారు. పులిహోరలో ఉప్పు చాలకపోతే మళ్లీ కలుపుకోవచ్చు, దోసెల పిండి గట్టిగా ఉంటే నీళ్లు పోసుకోవచ్చు. ఓవెన్‌లో పెట్టిన కేకును మధ్యలో సరిదిద్దలేం. అందుకే వృత్తి బేకర్లు మైదాను 100గా పెట్టుకుని మిగతావన్నీ దాని శాతాలుగా తూస్తారు. అర కిలో చేసినా పది కిలోలు చేసినా పాళ్లు మారవు.

అన్నింటినీ తూచమనడం లేదు. వంటసోడా, బేకింగ్ పౌడర్, యాలకుల పొడి చెంచాతోనే కొలవండి; రెండు మూడు గ్రాముల దగ్గర ఇంటి కాటాను నమ్మలేం. కానీ ఆ చెంచా ఎన్ని మిల్లీలీటర్లో రాయండి. మైదా, చక్కెర, కోకో, వెన్నలకు గ్రాములు ముందు వేసి, కప్పులు కావాలంటే పక్కన ఇవ్వండి. గుడ్లకూ తూకం చెప్పండి: పెద్ద గుడ్డు పెంకు తీస్తే 50 గ్రాములు ఉంటుంది, నాటుకోడి గుడ్డు అంత తూగదు.

పాత పుస్తకాన్ని మళ్లీ అచ్చువేసే ప్రచురణకర్తలకు ఒక్క మాట. పట్టిక చూసి కప్పులను గ్రాములుగా మార్చేయకండి. రచయిత్రి చేతి కప్పు 120 పట్టేదో 150 పట్టేదో పట్టికకు తెలియదు. ఆమె చేతే కొలిపించి, కాటా మీద తూచి, ఆ తూకంతో మరోసారి చేయించి అప్పుడు అచ్చుకు పంపండి.

కొనేవారు పుస్తకం తిరగేసినప్పుడు మైదా పక్కన గ్రాములున్నాయేమో చూడండి. లేకపోతే లోపలి పేజీలో ప్రచురణకర్త చిరునామా ఉంటుంది, ఒక కార్డు ముక్క రాసి అడగండి.