ఆ నాలుగేళ్లను మింగేశారు

రోజర్ స్టాబాక్ జీవితంలోంచి నాలుగేళ్లు మింగేశారు. మింగిందెవరో కాదు, ఆయన కథ చెప్పుకుని పబ్బం గడుపుకునేవాళ్లే.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద గౌరవమైన హైస్‌మన్ ట్రోఫీని 1963లో గెలిచాడు. డాలస్ కౌబాయ్స్ జట్టును రెండుసార్లు సూపర్ బౌల్ విజేతగా నిలిపాడు. రియల్ ఎస్టేట్ కంపెనీ పెట్టి, 2008లో దాన్ని జోన్స్ లాంగ్ లసాల్ సంస్థకు 61.3 కోట్ల డాలర్లకు అమ్మాడు. నాయకత్వ శిక్షణ తరగతుల్లో ఈ మూడు మెట్లనూ వరసగా చూపిస్తారు. మైదానంలో అబ్బిన క్రమశిక్షణే వ్యాపారంలో కోట్లు పండించిందంటారు. చప్పట్లు కొట్టిస్తారు. 1965 నుంచి 1969 దాకా ఆ మనిషి ఎక్కడున్నాడని అడిగే నాథుడు లేడు. ఎవరైనా అడిగినా, నేవీలో ఉన్నాడని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు పోతారు.

నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆయన జీవితంలో మనం నెత్తిన పెట్టుకోదగ్గ భాగం ఏదైనా ఉంటే, అది ఆ నాలుగేళ్లే.

ఆ నాలుగేళ్ల వెనక ఏముందో ముందు తెలుసుకోవాలి. ఆయన చదివింది అనాపొలిస్‌లోని నావల్ అకాడమీలో. అక్కడ చదువుకు ఫీజు లేదు. తిండీ బసా ప్రభుత్వానివే, పైగా నెలనెలా జీతం ఇస్తారు. ఖర్చంతా పన్నులు కట్టే జనానిది. బదులుగా అడిగేది ఒక్కటే: పట్టా చేతికొచ్చాక ఆఫీసరుగా కొలువు చెయ్యి. స్టాబాక్ కాలంలో అది నాలుగేళ్లు, ఇప్పుడు అయిదు. సిన్సినాటిలో పుట్టిన ఈ కుర్రాడికి ఇంగ్లిష్‌లో మార్కులు చాలక మొదట అకాడమీలో సీటు రాలేదు. న్యూ మెక్సికోలోని ఒక సైనిక విద్యాలయంలో ఏడాది చదివి, ఆ లోటు పూడ్చుకుని 1961లో చేరాడు. రెండేళ్లు తిరిగేసరికి దేశమంతా అతని పేరే. టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసింది. లైఫ్ పత్రిక కూడా వేయబోయింది గానీ, ఆ వారమే కెనెడీ హత్య జరగడంతో ఆ ముఖచిత్రం మారిపోయింది. ఆ హత్య వల్లే వాయిదా పడ్డ ఆర్మీ-నేవీ ఆట, అంటే సైన్యం అకాడమీకీ నావల్ అకాడమీకీ మధ్య పోటీ, డిసెంబరు 7న జరిగింది. నేవీ 21-15తో గెలిచింది. గోల్ గీతకు రెండు గజాల దూరంలో ఆర్మీ జట్టు నిలబడి ఉండగా సమయం అయిపోయింది. ఆ రోజు ఆర్మీ తరఫున క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే జట్టును నడిపిస్తూ బంతి విసిరేవాడిగా, ఆడిన రోలీ స్టిచ్‌వే కూడా తర్వాత వియత్నాం వెళ్లాడు.

స్టాబాక్‌కు ఎరుపు, పచ్చ రంగుల మధ్య తేడా సరిగా తెలియదు. ఈ సంగతి అకాడమీలో చేరాకే బయటపడింది. రాత్రి సముద్రం మీద ఎదురొచ్చే ఓడకు ఎడమ పక్కన ఎర్ర దీపం, కుడి పక్కన పచ్చ దీపం వెలుగుతాయి. అది ఎటు తిరిగి ఉందో, మనకు అడ్డంగా వస్తోందో దూరంగా పోతోందో ఆ రెండు చుక్కలే చెప్పాలి. వాటిని పోల్చుకోలేనివాణ్ణి ఓడ నడిపించే కాపలాలో నిలబెట్టరు. అందుకని సరఫరా విభాగంలో వేశారు. కావాలంటే అమెరికాలోనే ఏదో స్థావరంలో లెక్కలు రాసుకుంటూ నాలుగేళ్లూ గడిపెయ్యవచ్చు. తప్పుపట్టేవాళ్లెవరూ లేరు. ఆయన మాత్రం తనంతట తాను వియత్నాం అడిగి తీసుకున్నాడు. డా నాంగ్‌కు దక్షిణాన, సముద్రపు ఒడ్డున ఉన్న చూ లై స్థావరంలో 41 మంది నావికుల మీద అధికారిగా ఏడాది పనిచేశాడు. ఓడల్లో వచ్చిన సరుకు దింపించడం, లెక్క చూడడం, ఒడ్డు మీద పోరాడుతున్న మెరైన్లకు చేరవేయడం, ఇదీ పని. హైస్‌మన్ గెలిచినవాడి రోజువారీ జీవితం అది. అందులో చప్పట్లు లేవు, కెమెరాలు లేవు. ఖాళీ దొరికితే బంతి విసురుతూ చెయ్యి తుప్పు పట్టకుండా చూసుకునేవాడు.

ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో కౌబాయ్స్ జట్టు 1964లోనే అతణ్ణి ఎంచుకుంది, అదీ పదో రౌండులో. అంత పేరున్న ఆటగాడు అంత కిందికి ఎందుకు జారాడు? 1969 వరకు చేతికి రాడని అన్ని జట్లకూ తెలుసు కాబట్టి. ఆటగాడికి ఇరవై మూడు నుంచి ఇరవై ఏడు అంటే బంగారం లాంటి వయసు. దాన్ని పూర్తిగా దేశానికి అప్పజెప్పి, ఇరవై ఏడో ఏట కొత్త కుర్రాళ్ల వరసలో వచ్చి నిలబడ్డాడు. మిగిలిన ఆట చరిత్ర అందరికీ తెలిసిందే. తలకు పదే పదే దెబ్బలు తగలడంతో 1980లో విరమించాడు.

ఇప్పుడు శిక్షణ తరగతుల పెద్దలు ఏమంటారో నాకు తెలుసు. వియత్నాంలో నేర్చిన నాయకత్వమే తర్వాత వ్యాపారంలో అక్కరకొచ్చింది, కాబట్టి దాన్నీ కథలో కలుపుకుందాం అంటారు. వద్దు. దయచేసి ఆ పని చెయ్యకండి. చెల్లించాల్సిన ఋణాన్ని చెల్లించడం పెట్టుబడి కాదు. చూ లైలో గడిపిన ఏడాదిని కంపెనీ అమ్మకం ధరలోకి మార్చి చూపించడమంటే, అక్కడ చచ్చిపోయినవాళ్లను దివాలా తీసినవాళ్ల కింద జమకట్టడమే.

డాన్ హాలెడర్ పేరు మీ తరగతుల్లో ఎన్నడైనా విన్నారా? స్టాబాక్‌కు ముందు తరం, వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీ. 1954లో బంతి అందుకునే ఎండ్ స్థానంలో దేశంలోనే మేటి ఆటగాళ్లలో ఒకడు. మరుసటి ఏడాది కోచ్ రెడ్ బ్లైక్ పిలిచి, జట్టుకు క్వార్టర్‌బ్యాక్ లేడు, నువ్వు ఆడాలి అన్నాడు. అంతకుముందు ఆ స్థానంలో ఆడిన అలవాటు లేదు. ఒప్పుకుంటే మళ్లీ మేటి ఆటగాళ్ల జాబితాలోకి ఎక్కే అవకాశం పోయినట్టే. ఒప్పుకున్నాడు. సీజనంతా విమర్శలు పడ్డాడు. చివరి ఆటలో నేవీని 14-6తో ఓడించాడు. 1956లో న్యూయార్క్ జెయింట్స్ జట్టు అతణ్ణి ఎంచుకున్నా, వెళ్లకుండా సైన్యంలోనే ఉండిపోయాడు.

1967 అక్టోబరు 17న వియత్నాంలో ఓంగ్ థాన్ అడవిలో ఒక అమెరికన్ బెటాలియన్ మాటుగాసిన శత్రువుల చేతికి చిక్కింది. హాలెడర్ అప్పటికి మేజరు. ఆ బెటాలియన్ పైనున్న బ్రిగేడుకు ఆపరేషన్స్ అధికారి. హెలికాప్టర్‌లోంచి పరిస్థితి చూసి, కిందికి దిగి గాయపడ్డవాళ్ల దగ్గరికి పరుగెత్తాడు. వెంట వస్తున్నవాళ్ల కన్నా ముందు పరుగెత్తాడు. చాటునుంచి వచ్చిన తూటా తగిలి అక్కడే పోయాడు. వయసు 33. ఇంటి దగ్గర భార్య, నలుగురు ఆడపిల్లలు. ఆ ఒక్క రోజు పోరులో 64 మంది అమెరికన్లు చనిపోయారు.

హాలెడర్‌కు కంపెనీ లేదు. అమ్మకం ధర లేదు. అందుకే మీ నాయకత్వ పాఠాల్లో అతనికి చోటు లేదు. ఇద్దరూ చేసింది ఒకటే. ఒకడు బతికొచ్చాడు, ఒకడు రాలేదు. బతికొచ్చినవాడి డబ్బు చూపించి, సైనిక అకాడమీలో ఆడినవాళ్లు గొప్ప వ్యాపారవేత్తలవుతారని చెప్పడం శుద్ధ అబద్ధం. చచ్చిపోయినవాళ్లను లెక్కలోంచి తీసేసి చేసిన లెక్క అది.

వ్యాపారం సంగతికొస్తే, అక్కడా అసలు విషయం గాలికొదిలేశారు. కౌబాయ్స్‌లో ఆడుతూనే 1970 నుంచి, ఆట లేని నెలల్లో డాలస్‌లోని హెన్రీ ఎస్. మిల్లర్ అనే రియల్ ఎస్టేట్ సంస్థలో పని నేర్చుకున్నాడు. పెళ్లాం పిల్లలున్నవాడు, ఆటలో ఏ రోజు ఏ ఎముక విరుగుతుందో తెలియదు. ఏడేళ్ల తర్వాత, 1977లో, భాగస్వామితో కలిసి సొంత సంస్థ పెట్టాడు. అందులో ఉన్న ఆలోచన నిజంగా మంచిది. ఆఫీసు స్థలం అద్దెకు తీసుకునే కంపెనీకి పక్క అంతస్తువాళ్లు చదరపు అడుగుకు ఎంత కడుతున్నారో తెలియదు. ఏ షరతు బేరానికి లొంగుతుందో, మరమ్మతు ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. భవనం యజమానికి అన్నీ తెలుసు. మధ్యలో ఉన్న బ్రోకరు సాధారణంగా యజమాని మనిషే. స్టాబాక్ కంపెనీ అద్దెకుండేవాళ్ల పక్షానే కూర్చుంటానని తేల్చి చెప్పింది. ఇది పనిలో పడి, ఏళ్ల తరబడి ఒప్పంద పత్రాలు చదివి పట్టుకున్న కిటుకు. దీనికీ ఫుట్‌బాల్‌కూ ముడిపెట్టనక్కర్లేదు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. డాలస్‌లో స్టాబాక్ అన్న పేరు వింటే తెరుచుకోని తలుపు లేదు. ఆ పేరు లేనివాడికి అదే ఆలోచన ఉన్నా లోపలికి రానిచ్చేవారా? ఆయన్ను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆయన్ను చూపించి, కష్టపడితే నువ్వూ ఇంతవాడివవుతావని ఇరవై రెండేళ్ల పిల్లల చెవుల్లో పోసేవాళ్లు ఈ మాట ఎందుకు మింగుతారని అడుగుతున్నాను.

నాయకత్వ పాఠాల వల్ల జరిగే చెడు తరగతి గదితో ఆగిపోతే నేను ఇంత గొంతు చించుకోను. కొలువును పక్కకు నెట్టి ఆటనే నెత్తిన పెట్టుకునే అదే ధోరణి చట్టాల్లోకి, విధానాల్లోకి పాకింది. 1986లో నావికాదళ కార్యదర్శి జాన్ లేమన్, నెపోలియన్ మెకాలమ్ అనే ఆటగాణ్ణి నౌకాదళంలో కొలువు చేస్తూనే రైడర్స్ జట్టుకు ఆడనిచ్చాడు. మరుసటి ఏడాది ఆ కుర్చీలోకి జేమ్స్ వెబ్ వచ్చాడు. అనాపొలిస్ పట్టభద్రుడు, వియత్నాంలో గాయపడ్డ మెరైన్. వచ్చీ రాగానే దాన్ని ఆపేశాడు. బాస్కెట్‌బాల్ ఆటగాడు డేవిడ్ రాబిన్సన్ ఎత్తు ఏడడుగులు దాటింది. నేవీ కొలువులకు పనికిరానంత ఎత్తని అతనికి రెండేళ్ల కొలువే పెట్టారు. అతను ఆ రెండేళ్లూ జార్జియాలోని జలాంతర్గాముల స్థావరంలో పనిచేశాకే శాన్ ఆంటోనియో స్పర్స్‌కు ఆడాడు. రాబిన్సన్‌ను తప్పుపట్టను, అడిగినంతా చెల్లించాడు. ఆ తర్వాత వచ్చిందే అసలు దిగజారుడు. 2016లో పట్టా పుచ్చుకున్న వెంటనే ఆడుకోవచ్చన్నారు. 2017లో రక్షణ మంత్రి మాటిస్, స్వయంగా మెరైన్ జనరల్‌గా పనిచేసినవాడు, కుదరదన్నాడు. 2019లో అధ్యక్షుడు ట్రంప్ మళ్లీ తలుపు తెరిపించాడు. 2022 చివర కాంగ్రెస్ గొళ్లెం పెట్టబోయి, అప్పటికే చదువుతున్నవాళ్లలో కొందరికి మినహాయింపు ఇచ్చింది.

అకాడమీ ఆటగాడు టీవీలో కనిపిస్తే సైన్యంలో చేరడానికి కుర్రాళ్లు ముందుకొస్తారన్నది ఈ మినహాయింపులను సమర్థించేవాళ్ల వాదన. దేశమంతా ముఖచిత్రంగా చూసిన స్టాబాక్ వియత్నాం వెళ్లాడే, అంతకన్నా పెద్ద ప్రకటన ఏముంటుంది? పైగా అకాడమీలో ఆ ఆటగాడున్న గదిలోనే, పక్క మంచం మీద పడుకుని, అదే చదువు చదివిన ఇంకో కుర్రాడున్నాడు. వాడికి బంతి విసరడం రాదు. వాడు పట్టా పుచ్చుకోగానే ఓడెక్కాలి. పరుగు తెలిసినవాడికి ఒక న్యాయం, తెలియనివాడికి ఇంకో న్యాయం. ఆఫీసరు కాబోయేవాళ్లకు నేర్పవలసిన మొదటి పాఠాన్ని అకాడమీ గడప దాటకముందే తుడిచేశారు.

తెలుగువాడికి ఇందులో ఏం పని అనేవాళ్లకు ఒక మాట. 1971 నుంచి స్టాబాక్ ఆడిన టెక్సస్ స్టేడియం ఇర్వింగ్‌లో ఉండేది. అదే ఇర్వింగ్‌లో, పక్కన ప్లేనోలో, కౌబాయ్స్ జట్టు కొలువుతీరిన ఫ్రిస్కోలో ఇవాళ మన కుటుంబాలు కిక్కిరిసి ఉన్నాయి. వాళ్ల పిల్లలు ఈ కథలు వింటూ పెరుగుతున్నారు. ఇక్కడ హైదరాబాద్‌లో ఉద్యోగులకు నేర్పే పాఠాల్లోనూ ఇవే బొమ్మలు. అలాంటి ఒక తరగతిలో కూర్చుని, మధ్యలో నాలుగేళ్ల మాటేమిటని అడిగాను. సమయం లేదు, ముందుకు వెళ్దాం అన్నారు. సర్కారు సీటులో డాక్టరు చదివి, పల్లెలో ఏడాది పనిచెయ్యమంటే కోర్టుకెక్కేవాళ్లు మనలో లేరా? జనం డబ్బుతో చదువుకుని, ఆ బాకీ ఎగ్గొట్టి పైకొచ్చినవాణ్ణి చురుకైనవాడని మెచ్చుకునే అలవాటు మనకూ ఉంది. స్టాబాక్ కథను సగం కోసి మనకు అమ్మగలుగుతున్నారంటే, ఆ సగమే మన చెవికి ఇంపుగా ఉంది కాబట్టి.

అకాడమీ ఆటగాళ్లకిచ్చే ఆ మినహాయింపులన్నీ రద్దు కావాలి. ఏ అధ్యక్షుడు వచ్చినా మార్చలేనట్టు చట్టంలోనే రాయాలి: అకాడమీలో చదివినవాడు ముందు కొలువు చేస్తాడు, తర్వాతే ఆడతాడు. ఆ ఆలస్యం వల్ల పదో రౌండుకు జారితే జారుతాడు. నాయకత్వం పేరుతో ఫీజు వసూలు చేసేవాళ్లు స్టాబాక్ పేరు ఎత్తదలిస్తే, అదే పూటలో డాన్ హాలెడర్ కథ కూడా మొదటినుంచి ఓంగ్ థాన్ దాకా చెప్పాలి. అది చెప్పే దమ్ము లేకపోతే స్టాబాక్ జోలికి పోవద్దు.