ఆకు కనపడుద్ది, కౌలు రైతు కనపడడు

ఆకును ఫొటో తీసి పంపితే ఫోను తెగులు పేరు చెప్పుద్ది. ఉపగ్రహం పైనుంచి చూసి ఏ చేలో పైరు వాడిందో చెప్పుద్ది. మందు ఎప్పుడు కొట్టాలో, తడి ఎప్పుడు పెట్టాలో తెలుగులోనే అడగొచ్చు, తెలుగులోనే జవాబొస్తది. కృత్రిమ మేధ వ్యవసాయాన్ని మార్చేస్తదని గవర్నమెంటోళ్లు, కంపెనీలోళ్లు ఒకే మాటగా అంటన్నారు. మార్చుద్ది, నేనేమీ కాదనను. నా పేచీ అంతా ఎవరికి మార్చుద్ది అన్నకాడే.

మేలు జరగదని కాదు. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగులో మెసేజ్ పంపాయి. మామూలు కీప్యాడ్ ఫోను చాలు. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని చెప్పారు. ఆ తర్వాత మన పక్కనే ఖమ్మం జిల్లాలో మిరప రైతుల కోసం 'సాగు బాగు' వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం, వరల్డ్ ఎకనమిక్ ఫోరం, డిజిటల్ గ్రీన్ సంస్థ కలిసి 7 వేల మంది రైతులతో మొదటి దశ నడిపారు. వాట్సాప్‌లో తెలుగు చాట్‌బాట్, మట్టి పరీక్ష, కాయ నాణ్యత పరీక్ష అందులో ఉన్నాయి. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందు వాడకం 9 శాతం, ఎరువులు 5 శాతం తగ్గాయని, ధర 8 శాతం మెరుగైందని ఫోరం లెక్క. నడిపినోళ్లు చెప్పుకున్న లెక్కే అనుకున్నా, అందులో సగం నిజమైనా మంచిదే. మిరప చేను మీద పోసే మందుల ఖర్చు తెలిసినోడెవడూ ఈ పని వద్దనడు.

అయితే సలహా వినటం వేరు, దాన్ని పాటించే వీలుండటం వేరు. కౌలు రైతు సంగతి ఇక్కడే వస్తది. పల్నాడు నుంచి పర్చూరు, మార్టూరు దాకా మా పత్తి, మిరప ఊళ్లలో తిరుగుతుంటా. చేలో ఉన్నోడి పేరు ఒకటి, పాస్‌బుక్కులో పేరు ఇంకొకటి. పొలం యజమాని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. కౌలు, విత్తనం, ఎరువు, కోత కూలి అన్నీ కౌలుదారు నెత్తినే. పంట పోతే నష్టమూ ఆయనదే.

చట్టం లేదా అంటే ఉంది. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులొచ్చాయి. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. 11 నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం. ఆ సంతకం కాడే బండి ఆగిపోద్ది. భూమి మీద హక్కు పోద్దేమోనని యజమాని భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం ఇయ్యడేమోనని కౌలుదారు భయం. సంతకం లేకపోతే కార్డు లేదు, కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు.

ఈ పాత చిక్కే ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కుతోంది. 2024 సెప్టెంబరు 2న కేంద్రం 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ అగ్రికల్చర్ మిషన్‌కు ఆమోదం చెప్పింది. 11 కోట్ల మంది రైతులకు ఆధార్ మాదిరి గుర్తింపు సంఖ్య ఇవ్వాలని లక్ష్యం. ఆ సంఖ్యను భూమి రికార్డుతో, పంట వివరాలతో కలుపుతారు. రేపు అప్పు, బీమా, కొనుగోలు, యాప్ సలహా అన్నీ దాని మీదే నడిస్తే, భూమి రికార్డులో పేరు లేనోడు రైతే కాకుండా పోతాడు. ఇదివరకు ఆఫీసు కాడికెళ్లి బతిమాలుకునేవాడు. పదిమంది వెళ్లి చెబితే అక్కడున్న మనిషి వినేవాడు. యాప్‌ని ఎట్టా బతిమాలాలి?

దీని రుచి పత్తి రైతు 2025-26 సీజనులోనే చూశాడు. సీసీఐకి పత్తి అమ్మాలంటే 'కపాస్ కిసాన్' యాప్‌లో నమోదు చేసుకోవాలి, స్లాటు తీసుకోవాలి. పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110. తేమ 8 శాతం దాటితే కోత, 12 దాటితే కొనరు. అక్టోబరు చివర మోంథా తుపాను వానలొచ్చాయి. ఆధార్, భూమి వివరం, పంట నమోదు, స్లాటు, తేమ, ఇన్ని గడపలు దాటాలి. ఇంకొకరి పేరున ఉన్న భూమిలో పండించినోడికి మొదటి గడపే గోడయిద్ది. అక్కడ ఆగిపోయినోడి పత్తి చివరికి దళారి కాటా మీదకే పోద్ది.

బ్యాంకు అప్పు లేని కౌలుదారు ఎవరి కాడికి పోతాడు? పురుగుమందుల షాపు కాడికి, యార్డులో కమీషన్ కొట్టు కాడికి. ఇక యాప్ సలహా గతి చూడండి. 'ఈ వారం మందు కొట్టొద్దు' అని ఫోను చెప్పుద్ది. అరువిచ్చే షాపాయన 'ఇది కొట్టు' అని డబ్బా చేతిలో పెడతాడు. 'ధర పెరిగేదాకా కాయ కోల్డ్ స్టోరేజీలో పెట్టు' అని ఫోను చెప్పుద్ది. పెట్టుబడి ఇచ్చిన కొట్టాయన 'టిక్కీలు ఇప్పుడే దించు' అంటాడు. ఎవరి మాట నెగ్గుద్దో మీరే చెప్పండి.

ఇది ఊహ కాదు, మన నేల మీద జరిగిందే. 1987-88లో ప్రకాశం, గుంటూరు పత్తిని తెల్లదోమ ముంచేసింది. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొట్టేకొద్దీ మేలుచేసే పురుగులు చచ్చి దోమ ఇంకా పెరిగింది. మందు అమ్మేది, సలహా చెప్పేది, అప్పిచ్చేది ఒక్కరే. అప్పుల్లో మునిగి పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మళ్లీ 2021-22లో మిరప మీద నల్ల తామర పురుగు పడితే, మందు మీద మందు కొట్టి ఆఖరికి చేలు పీకేసినోళ్లున్నారు. పాత పురుగుల ఫొటోలు చూసి నేర్చుకున్న మిషనుకు కొత్త పురుగు తెలియదు. ముందు లాం ఫారం శాస్త్రవేత్త చేలోకి రావాలి, తర్వాతే మిషను నేర్చుకునేది.

దిగుబడి పెరిగితే చాలనుకునేవాళ్లు 2025 ఫిబ్రవరి గుర్తు తెచ్చుకోండి. గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోతే, మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలని, 2.91 లక్షల టన్నుల వరకని కేంద్రం ప్రకటించాల్సొచ్చింది. అంతకుముందు 20 వేలు దాటి పలికిన కాయ అది. ఎన్ని ఎకరాలు వేశారో, ఎంత పండుద్దో ఉపగ్రహంతో ముందే లెక్కగట్టొచ్చు. ఆ లెక్క కొనేవాడికి ముందు, పండించేవాడికి చివర చేరితే బేరంలో ఎవరిది పైచేయి?

యాప్ వద్దనటం లేదు, వరస మార్చమంటన్నా. ముందు రైతు ఎవరో తేల్చండి. యజమాని సంతకంతో పనిలేకుండా, గ్రామసభలో విచారించి, చేలో సాగు చూసి కౌలుదారుకి గుర్తింపు సంఖ్య ఇవ్వండి. అది సాగుకే గానీ భూమి హక్కుకు కాదని అందులోనే రాసి యజమాని భయం తీర్చండి. ఆ సంఖ్య మీద బ్యాంకు అప్పు ఇప్పించండి. సలహా చెప్పే యాప్ మందులు అమ్మే కంపెనీల చేతిలో పెట్టొద్దు. యాప్ కాదన్నోడి అర్జీ తీసుకుని, కారణం కాగితం మీద రాసిచ్చే మనిషి రైతు సేవా కేంద్రంలో ఉండాలి. మన చేల వివరాలు ఎవరికి ఇస్తన్నారో మనకు చెప్పాలి.

కౌలు చేసే అన్నలూ, అక్కలూ! ఈ-క్రాప్ నమోదు మొదలైనప్పుడు ఒక్కొక్కరే పోమాకండి. పదిమంది కలిసెళ్లి, ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేస్తన్నారో వాళ్ల పేరే ఎక్కించమని అడగండి. రసీదు చేతికొచ్చేదాకా కదలమాకండి. రేపు ఎంత తెలివైన మిషను వచ్చినా, ఆ రోజు ఎక్కించిన పేరునే చూస్తది.