కొత్త క్వార్టరు, బిగుసుకున్న గడియ

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిందంటే మన ఇళ్ళలో ఎంత హడావిడో అందరికీ తెలుసు. టీసీ, గ్యాస్ కనెక్షన్, సామాను లారీ, పెట్టెల మీద నంబర్లు. ఆ జాబితాలో ఎవరూ రాయని విషయం ఒకటుంది. ఇంట్లోని రెండు మూడేళ్ళ తమ్ముడికో చెల్లికో కొత్త ఇంటి తలుపులు తెలియవు, కొత్త వీధి తెలియదు. ఆ వీధికి వాళ్ళూ తెలియరు. పిల్లలు గదిలో గడియ వేసుకుని చిక్కుకోవడం, కనబడకుండా పోవడం మేము చూసినంతలో ఈ మొదటి రోజుల్లోనే ఎక్కువ. అప్పుడు అందరూ కలిసి అమ్మను తిట్టడం అన్యాయమని మా అభిప్రాయం.

పాత క్వార్టర్ల తలుపులకు ఇనుప గడియలుంటాయి. వాటి మీద ఏళ్ళ తరబడి రంగు మీద రంగు పడి ఉంటుంది. పిల్లవాడు ఆటలో బలంగా తోస్తే పడిపోతుంది, భయంతో లాగితే రాదు. బాత్రూం తలుపుకి కింది గడియ ఉంటే మరీ ప్రమాదం, అది సరిగ్గా వాడి చేతికి అందే ఎత్తులో ఉంటుంది. ఆ గడియ ఊడదీయించడానికి పది నిమిషాలు చాలు. అంతవరకు తలుపు పైఅంచు మీద మందపాటి తువ్వాలు మడిచి వేస్తే తలుపు పూర్తిగా మూసుకోదు.

ఇంకో రకం తాళం తలుపు మూసుకోగానే దానంతటదే పడుతుంది. అమ్మ పాలప్యాకెట్టు కోసం గుమ్మం దాటుతుంది, గాలికి తలుపు పడుతుంది. లోపల పాప, పొయ్యి మీద అన్నం. బయట అమ్మ చేతిలో ఫోను కూడా ఉండదు. రెండో తాళంచెవి ఎదురింట్లో ఉంటే ఇది రెండు నిమిషాల పని. కానీ కొత్త చోట మనవాళ్ళు తాళంచెవి ఇవ్వరు. ఎదురింటివాళ్ళది ఏ రాష్ట్రమో, ఏమనుకుంటారోనని మొహమాటం. వాళ్ళూ నిరుడో మొన్నో ఇలాగే పెట్టెలతో దిగినవాళ్ళే కదా!

అలాంటప్పుడు తలుపు చుట్టూ పదిమంది చేరి "తియ్యి, తియ్యి" అని అరిస్తే లోపలివాడు ఇంకా బెదిరిపోతాడు. వాడికి బాగా అలవాటైన గొంతు ఒక్కటే కిటికీ దగ్గర కూర్చుని మాట్లాడాలి. ఈ పని అక్కలం, అన్నలం మనం బాగా చేయగలం. తలుపు పగలగొట్టాల్సి వస్తే ముందు వాణ్ణి మాటలతో కిటికీ వైపు రప్పించాలి. మంటలుంటేనే ఫైర్ సర్వీసుకు ఫోన్ చేయాలని చాలామంది అనుకుంటారు. తలుపు లోపల మనిషి చిక్కుకున్నా 101కి చేయవచ్చు. ఎండలో నిలిపిన కారులో బిడ్డ చిక్కుకుంటే మాత్రం ఎవరి కోసమూ ఆగకూడదు, దూరంగా ఉన్న అద్దం పగలగొట్టాల్సిందే. వెనక తలుపుకి చైల్డ్ లాక్ వేసి ఉంటే అది లోపలినుంచి తెరుచుకోదు.

ఇక తప్పిపోవడం సంగతి. మన కాలనీల్లో అన్ని బ్లాకులూ ఒకే రంగు, ఒకే మెట్లు, ఒకే ఆకుపచ్చ తలుపులు. పెద్దవాళ్ళే పొరపాటున పక్క బ్లాకు రెండో అంతస్తు ఎక్కుతారు. మూడేళ్ళవాడు ఎక్కితే వింతేముంది? ఎవరైనా పేరడిగితే "బుజ్జి" అంటాడు. నాన్న పేరడిగితే "నాన్న" అంటాడు. అదీ తెలుగులో, జోర్హాట్‌లోనో జోధ్‌పూర్‌లోనో. అందుకే కొత్త ఊరు చేరిన వారంలోపు చిన్నవాళ్ళకు అసలు పేరు, అమ్మానాన్నల పేర్లు, క్వార్టరు నంబరు హిందీలో చెప్పడం నేర్పాలి. ఇంగ్లీషు అంకెలైనా ఫరవాలేదు, "సైంతాలీస్" పెద్దవాళ్ళకే నోరు తిరగదు. ఫోను నంబరు చొక్కా లోపలి వైపు రాసిపెట్టినా మంచిదే. గేటు దగ్గర కాపలా ఉండే అంకుల్‌కి మొదటిరోజే వాళ్ళను చూపించి రావాలి.

ప్రయాణంలోనూ ఇదే భయం. తప్పిపోయిన పిల్లల కోసం రైల్వే రక్షక దళం "నన్హే ఫరిష్తే" అనే కార్యక్రమం నడుపుతోంది. రైల్లో ఏం జరిగినా 139, ఎక్కడైనా 112, పిల్లల కోసం 1098. ఈ చివరి నంబరు 1996లో ముంబైలో మొదలైంది. మూడూ ఇంట్లో అందరికీ కంఠతా రావాలి.

పిల్లలు కనబడకపోతే మనవాళ్ళు ముందు రోడ్డు మీదికి పరుగెత్తుతారు. ముందు చూడాల్సింది నీళ్ళు. సంపు, ట్యాంకు, నిండు బకెట్టు. తర్వాత పెట్టెలు. ఫౌజీ ఇళ్ళలో ఉండే నల్ల ట్రంకుల కొక్కెం మూత పడగానే దానంతటదే తగులుకోవచ్చు, లోపల గాలి ఆడదు. ఆ తర్వాత మంచం కింద, పరుపుల చుట్టల వెనక. ఈలోగా ఒకరు గేటు దగ్గరికి వెళ్ళాలి. పిలిస్తే పలకలేదు కాబట్టి ఇంట్లో లేడనుకోకూడదు. తిడతారని భయపడ్డ పిల్లలు దాక్కుంటారు, పిలిచేకొద్దీ ఇంకా నక్కుతారు.

అందుకే దొరకగానే రెండు దెబ్బలు వేయడాన్ని మేము ఒప్పుకోం. అమ్మ కొట్టి, మరుక్షణం తనే ఏడుస్తుంది. ఆ భయం మాకు అర్థమవుతుంది. కానీ దెబ్బ తిన్నవాడు ఈసారి ఇంకా గట్టిగా దాక్కుంటాడు. పక్కింటివాళ్ళ మాటలు మరీ ఘోరం. ట్రాన్స్‌ఫర్ సర్కారుది, గడియ పాతది, తప్పు మాత్రం అమ్మదా? కొన్ని ఇళ్ళలో ఉద్యోగం చేసేది అమ్మే. అక్కడా తిట్లు అమ్మకే పడతాయి, నాన్నను అడిగేవాళ్ళుండరు.

క్వార్టరు అప్పగించే రోజు ఫ్యాన్లు, ట్యూబులైట్లు, కుళాయిలు లెక్కపెట్టి నాన్న చేత సంతకం పెట్టించుకుంటారు. ఆ కాగితం మీద మరో మూడు చేర్చమని మా విన్నపం: ప్రతి గడియా తీసి వేసి చూశారా, సంపుకి మూత ఉందా, బాల్కనీ కమ్మీల మధ్య పిల్లవాడి తల పట్టేంత సందు ఉందా. ఈ వేసవిలో బదిలీ అయ్యే మిత్రులు అప్పటిదాకా ఆగనక్కర్లేదు. లారీ నుంచి సామాను దిగేలోపు ఆ మూడూ మనమే చూసుకోవచ్చు.