ముందు కొలవడం నేర్పుదాం

డిగ్రీలో చేరిన విద్యార్థి కెమిస్ట్రీ ల్యాబులో అడుగుపెట్టిన వారం పది రోజులకే మనం అతని చేతికి బ్యూరెట్టు ఇచ్చి అంశమాపనం చెయ్యమంటాం. ఆ బ్యూరెట్టును ఎలా చదవాలో మాత్రం ఒక్క పూట కూడా కూర్చోబెట్టి చెప్పం. ఇంటర్మీడియట్‌లో నేర్చుకునే వచ్చి ఉంటాడని మన ధీమా. ఆ ధీమాలో పస ఎంతో విజయవాడలో చదివినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. నాలుగు జవాబుల్లో ఒకదాన్ని ఎన్నుకోవడం నేర్పే చదువులో పిపెట్టు పట్టుకునే తీరిక ఎవరికుంది? చాలామందికి ల్యాబంటే పబ్లిక్ ప్రాక్టికల్స్ ముందు దొరికే నాలుగు రోజులే.

అందుచేత నేను చెప్పదలచినది సూటిగా చెబుతాను. కొత్త విద్యార్థులకు మొదటి నాలుగు ప్రాక్టికల్ తరగతులు కొలవడానికీ, గ్రాఫు గీయడానికీ మాత్రమే కేటాయించాలి. ఆ తరువాతే మిగతా ప్రయోగాలు.

ఫస్టియర్ ల్యాబు చాలాకాలంగా చూస్తున్నవాడిగా నా చెవిన పడే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సార్, ఎంత రావాలండీ?" ఎంత వచ్చిందో చెప్పేవాళ్ళు తక్కువ. ఎంత రావాలో తెలిస్తే చాలు, మూడు రీడింగులూ ముచ్చటగా 19.8, 19.8, 19.8 అని రికార్డులో వచ్చి కూర్చుంటాయి. పిల్లల్ని తిట్టి ప్రయోజనం లేదు. అసలు విలువకు ఎంత దగ్గరగా వస్తే అన్ని మార్కులని లెక్క పెట్టింది మనమే. కొలవడం రానివాడికి మార్కులు కావాలంటే మరి దారేముంది?

నిజానికి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. బ్యూరెట్టును నీటితో కడిగాక అందులో పోయబోయే ద్రావణంతోనే మళ్ళీ తొలచాలి. శంఖాకార కుప్పెను మాత్రం నీటితోనే కడగాలి. కొళాయి కింద గాలి బుడగ ఉండకూడదు. గరాటు తీసేశాకే రీడింగు చూడాలి. కన్ను ద్రవమట్టానికి సమంగా ఉండాలి. పైనుంచి చూస్తే ఒక అంకె, కిందినుంచి చూస్తే ఇంకో అంకె. రంగులేని ద్రావణానికి వంపు అడుగుభాగం చూడాలి, పర్మాంగనేట్ లాంటి ముదురు రంగుకు పై అంచు చూడాలి. పిపెట్టు కొనను కుప్పె గోడకు ఆనించాలి, చివరి బొట్టును ఊదకూడదు. ఒక గీత, అంటే 0.1 మిల్లీలీటరు తేడా వస్తే 20 మిల్లీలీటర్లలో అది అర శాతం. అదే 4 మిల్లీలీటర్లలో రెండున్నర శాతం. ఈ సంగతి ఒక్కసారి చేత్తో లెక్క వేసినవాడు మళ్ళీ మరచిపోడు.

దీనికి ఖర్చు కూడా లేదు. నీరు, బీకరు, త్రాసు చాలు. 20 మిల్లీలీటర్ల పిపెట్టుతో నీళ్ళు తీసి పదిసార్లు తూచమనండి. 20 గ్రాములు వస్తుందనుకున్న కుర్రాడికి 30 డిగ్రీల దగ్గర సుమారు 19.9 వస్తుంది. మే నెలలో మన ల్యాబు 40 డిగ్రీలకు చేరితే 19.8 చిల్లర. గాజు సామాను మీద ఉష్ణోగ్రత ఎందుకు అచ్చువేస్తారో బెజవాడ ఎండ కంటే బాగా చెప్పగల గురువెవరు?

తరువాత బ్యూరెట్టులోంచి 5, 10, 15 అలా 50 మిల్లీలీటర్లదాకా బీకరులోకి వదులుతూ, తూస్తూ, గ్రాఫు గీయించాలి. అక్షాల మీద పేర్లు, ప్రమాణాలు ఉండాలి. స్కేలు కాగితం నిండేలా ఎన్నుకోవాలి. చుక్కనూ చుక్కనూ ముగ్గులా కలపకుండా అన్నిటి మధ్యగా ఒకే సరళరేఖ గీయాలి. దాని వాలే నీటి సాంద్రత. బీకరు బరువు తీసెయ్యడం మరచినవాడి రేఖ మూలబిందువు గుండా పోదు; నిలువు అక్షాన్ని సరిగ్గా బీకరు బరువు దగ్గరే ఖండిస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో గ్రాఫే వేలు పెట్టి చూపిస్తుంది.

ఇదంతా పరీక్షల కోసమేనా అంటే, కాదు. కైకలూరు, ముదినేపల్లి వైపు చేపల చెరువుల సంగతి మనకు తెలిసినదే. చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను హైపో ద్రావణంతో అంశమాపనం చేసి కనుక్కోవచ్చు. అంటే మళ్ళీ ఈ బ్యూరెట్టే. పగలు ఎండలో నీటిలోని నాచు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది, రాత్రంతా చెరువులోని జీవాలన్నీ దాన్ని వాడుకుంటాయి. అందువల్ల తెల్లవారే ముందు అది అట్టడుగుకు పడుతుంది. మధ్యాహ్నం తీసిన ఒక్క రీడింగు చూసి చెరువు భేషుగ్గా ఉందని చెబితే, తెల్లారేసరికి చేపలు పైకి తేలవచ్చు. గంటగంటకూ కొలిచి గ్రాఫు గీసినవాడికే ఆ పల్లం కనబడుతుంది. మన బి.యస్సీ.లు ఇలాంటి ల్యాబుల్లో ఉద్యోగాలకు పోతున్నారు. అక్కడ రీడింగు సర్దితే పోయేది మార్కు కాదు, ఒక రైతు పెట్టుబడి.

మరొక్క ఉదాహరణ. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. మాలిబ్డేటు కలిపి క్షయకరణం చేస్తే వచ్చే నీలం రంగును తెలిసిన ద్రావణం రంగుతో పోల్చడమే ఆ పద్ధతి. ఇప్పుడు మనం కలరీమీటరుతో ప్రామాణిక రేఖ గీసి చేసే పని అదే. అయితే కండరాల నుంచి తీసిన ద్రావణంలో ఆ రంగు రావలసినట్టు రాలేదు. ఆలస్యంగా, నెమ్మదిగా ముదురుతూ పోయింది. "ఇంత రావాలి" అని వాళ్ళు అంకె సర్దుకోలేదు. వచ్చినదాన్ని వచ్చినట్టే రాసుకుని, ఎందుకలా అని వెంటబడ్డారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది అలాగే.

సిలబస్ పూర్తికాదని కొందరు మిత్రులు అనవచ్చు. కొలవడం రానివాడి చేత ఇరవై ప్రయోగాలు చేయించినా అవి రికార్డు అలంకారానికి తప్ప ఎందుకూ కొరగావు. నాలుగు తరగతులు ముందు ఖర్చుపెడితే తరువాత పనే చురుగ్గా సాగుతుంది.

కాబట్టి లెక్చరర్లకు నా మనవి: మార్కులు జవాబుకు తగ్గించి, అక్కడికక్కడ సిరాతో రాసిన రీడింగులకు పెంచండి. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టెయ్యమనండి, చెరపనివ్వకండి. యూనియన్ మిత్రులకు: ఫైనలియర్ వాళ్ళు మధ్యాహ్నాలు వంతులవారీగా ల్యాబులో నిలబడి జూనియర్లకు సాయపడే ఏర్పాటు వచ్చే ఏడు మొదలుపెట్టండి. ఇక కొత్తగా చేరే తమ్ముళ్ళకూ, చెల్లెళ్ళకూ ఒకటే మాట: ఎంత రావాలో అడగకండి, ఎంత వచ్చిందో ధైర్యంగా రాయండి. ఆ అంకె తప్పయినా సరే, అది మీది.