ఎల్లమ్మకు అందలే, ఉన్నోళ్లకన్న అందాలె

2024 జనవరిల చిందు యక్షగానానికి పద్మశ్రీ ఒచ్చింది. జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు ఇచ్చిన్రు. మంచిగనిపిచ్చింది. కానీ నాకు ముందుగాల యాదికొచ్చింది మన బోధన్ దిక్కు అమ్దాపూర్ చిందుల ఎల్లమ్మ. ఆడ ఏషం, మగ ఏషం ఏది గట్టినా జనం కదలకుంట జూసేటోళ్లు. హంస అవార్డు ఒచ్చింది, ఆమె బతుకు కథ పుస్తకమయింది. 2005 నవంబర్ల పోయింది. పద్మ మాత్రం రాలే. పోయినోళ్లకు అది మామూలుగ ఇయ్యరు, ఇగ ఆ ముచ్చట ఒడిసినట్టే.

చిందోళ్లు మాదిగోళ్లకు ఆశ్రితులు. ఊరూరు తిరిగి జాంబ పురాణం చెప్పి, ఆట ఆడి మిరాశి తీసుకునేది. గా మిరాశి ఇప్పుడేడున్నది? పండుగొస్తే డీజేకు అడిగినంత ఇస్తం, మేళానికైతే బేరమాడుతం. అవార్డు సుత ఒక్కల మెడలనే పడ్తది. మద్దెల కొట్టెటోడు, తాళమేసెటోడు, వంత పాడెటోళ్లు అట్లనే ఉంటరు.

పద్మకు పేరు పంపుడు సర్కారోళ్ల పని అనుకుంటరు శానమంది. కాదు, కేంద్రం పోర్టల్ల ఎవలన్న పంపొచ్చు. ఆ మనిషి చేసిన పని 800 పదాలు దాటకుంట రాయాలె, గంతే. ముసలి కళాకారునికి పోర్టల్ తెల్వకపోవచ్చు, ఫోన్ పట్టుకున్న మనకు తెల్వదా? బాల్కొండ, ఆర్మూర్, బోధన్ ఊర్లల్ల ఏషం గట్టెటోళ్లు ఎవలున్నరో అర్సుకోర్రి. కాడ కూసోని అడుగుర్రి. వీడియో తీస్తే పేరు, ఊరు, ఆడే కథ వాళ్ల నోటితోనే చెప్పియ్యుర్రి. మద్దెలాయన పేరు సుత.