పొగ అందరికీ, గాలి కొందరికీ

ప్రసాద్స్ ఐమాక్స్‌లో సినిమా చూసి బయటికొచ్చే మనలో ఎంతమందికి తెలుసు, ఆ చుట్టుపక్కల ఒకప్పుడు పవర్ హౌస్ ఉండేదని? నిజాం జమానాలో, 1920లలో, హుస్సేన్ సాగర్ ఒడ్డున పెట్టిన బొగ్గు విద్యుత్ కేంద్రం. దాన్ని మూసేశారు, తర్వాత కూల్చేశారు. ఆ నేల మీదే ఎన్టీఆర్ గార్డెన్స్, ఐమాక్స్ వచ్చాయి.

ఈ సంగతి చెప్పగానే "అయ్యో, ఆ బిల్డింగ్ ఉంచాల్సింది" అని నిట్టూరుస్తారు. నాకు పేచీ ఆ నిట్టూర్పుతోనే. బిల్డింగ్ మిగిలితే చాలా? మిగిలిన చోట ఏమైందో చూద్దాం.

లండన్‌లో థేమ్స్ ఒడ్డున బాటర్‌సీ పవర్ స్టేషన్ ఉంది. 1980లో దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించారు. 1983లో కరెంటు ఉత్పత్తి ఆగిపోయింది. 2012లో మలేషియా కంపెనీలు కలిసి కొన్నాయి. పాడైపోయిన నాలుగు పొగగొట్టాల్నీ దించి, అచ్చం అలాంటివే మళ్లీ కట్టారు. 2022లో జనానికి తెరిచారు. ఇప్పుడక్కడ షాపులు, ఆపిల్ ఆఫీసు, కోట్ల ఖరీదు చేసే ఫ్లాట్లు.

మరి మామూలు మనుషుల సంగతి? ఆ ప్రాజెక్టులో అందుబాటు ధరల ఇళ్లు 636 కట్టాలి. ఖర్చులు పెరిగాయని కంపెనీ అడిగితే, 2017లో స్థానిక కౌన్సిల్ ఆ సంఖ్యని 386కి తగ్గించింది. నాలుగు గొట్టాల్లో ఒకటి తగ్గిస్తామంటే ఒప్పుకునేవాళ్లా? 250 ఇళ్లు తగ్గిస్తామంటే మాత్రం ఒప్పుకున్నారు. వారసత్వం అంటే ఇటుకలేనా?

అసలు పవర్ హౌస్‌లు నీటి పక్కనే ఎందుకు వెలిశాయి? అందం కోసం కాదు. ఆవిరిని చల్లార్చడానికి బోలెడు నీళ్లు కావాలి, అందుకు. పొగా మసీ ఉన్నన్నాళ్లూ ఆ పక్కన బతికింది కూలీలూ, కార్మికులూ. పొగ ఆగిపోయాక అదే నీరు 'వాటర్ ఫ్రంట్' అయింది. ప్రభుత్వం ఒక్క సంతకంతో జోన్ మారుస్తుంది, పరిశ్రమల నేల కాస్తా 'మిక్స్‌డ్ యూజ్' అవుతుంది, ధర ఆకాశానికి లేస్తుంది. ఆ పెరిగిన విలువ ఏ బిల్డరూ చెమటోడ్చి సంపాదించింది కాదు. అది నది ఇచ్చింది, ఊరు ఇచ్చింది.

"ప్రైవేటు డబ్బు రాకపోతే ఆ శిథిలాలు అలాగే పడుంటాయి కదా" అంటారు. నిజమే, బాటర్‌సీ మూతపడ్డాక దాదాపు 30 ఏళ్లు అలాగే పడుంది. పెట్టుబడి పెట్టినవాళ్లు లాభం తీసుకోనివ్వండి. కానీ జోన్ మార్చే కాగితంలోనే రెండు మాటలు రాయాలి. పేదా మధ్యతరగతీ ఉండగలిగే ఇళ్లు ఎన్నో ఒకటి. టికెట్ లేకుండా ఎవరైనా నడవగలిగే ఒడ్డు ఎంతో రెండోది. గొట్టాల్లాగే వాటినీ తర్వాత ఎవరూ ముట్టుకోకూడదు. ఆ రెండూ లేని 'మిక్స్‌డ్ యూజ్'లో కలిసేది షాపులూ ఆఫీసులే, మనుషులు కాదు.

హైదరాబాద్‌లో మనం బిల్డింగూ ఉంచుకోలేదు, ఈ రెండు మాటలూ అడగలేదు. పవర్ హౌస్ నేల మీద వేసిన తోటలోకి వెళ్లాలంటే టికెట్ కొనాలి. ఊళ్లో పాత ఫ్యాక్టరీల నేలలు ఇంకా ఉన్నాయి. రేపు వాటి జోన్ మారుస్తామని నోటీసు వస్తే, కొత్త బిల్డింగ్ బొమ్మ చూసి మురిసిపోకండి. అభ్యంతరాలకిచ్చిన గడువు చూసుకోండి, ఆలోపు ఈ రెండు మాటలూ రాసి పంపండి.