అనుభవం పక్షాన: మా తొలి ప్రణాళిక

తత్వశాస్త్రం అనగానే మనవాళ్లలో కొందరు దండం పెట్టి పక్కకు తప్పుకుంటారు. మిగతావాళ్లు కడుపు నింపని కబుర్లని కొట్టిపారేస్తారు. ఈ భక్తికీ ఆ చులకనకూ మూలం ఒక్కటే. ఆలోచన ఒకచోట, బతుకు ఒకచోట ఉంటాయన్న నమ్మకం అది. దాన్ని తోసిపుచ్చడానికే ఈ వేదిక పెడుతున్నాం.

ఈ దారి మేం కనిపెట్టింది కాదు. 1872 ప్రాంతంలో అమెరికాలోని కేంబ్రిడ్జిలో కొందరు యువకులు ఒక చిన్న క్లబ్బుగా చేరి వాదించుకునేవారు. చార్లెస్ పర్స్, విలియం జేమ్స్, తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన ఆలివర్ వెండెల్ హోమ్స్ వాళ్లలో ఉన్నారు. హోమ్స్ అంతర్యుద్ధంలో మూడుసార్లు గాయపడి బతికి బయటపడినవాడు. తిరుగులేని సత్యం తమ వద్దే ఉందన్న ధీమా ఎంత నెత్తురు పారిస్తుందో చూసిన తరం అది. డార్విన్ చదువు కూడా అప్పటికే వాళ్ల ఒంటబట్టింది.

ఒక మాటకు అర్థం తెలియాలంటే అది ఆచరణలో తెచ్చే తేడా ఏమిటో చూడాలని 1878లో పర్స్ తేల్చాడు. ఫలానాది గట్టిది అంటే చాలా వస్తువులు దాన్ని గీయలేవని అర్థం. అంతకు మించి దాని లోపల గట్టిదనం అనే రహస్యమేమీ లేదు. 1898లో కాలిఫోర్నియాలో ఇచ్చిన ప్రసంగంలో జేమ్స్ ఈ పద్ధతిని లోకానికి చాటాడు. వ్యవహారవాదం (ప్రాగ్మాటిజం) అలా వాడుకలోకి వచ్చింది. మన దగ్గర అది ఎక్కువగా బి.ఇడి. తరగతుల్లో, తత్వవేత్త జాన్ డ్యూయీ పేరు పక్కన ఒక జవాబుగా మిగిలిపోయింది. దాన్ని అక్కడి నుంచి బయటికి తెస్తాం.

మేం నమ్మేవి

1. చైతన్యం ఒక పదార్థం కాదు, ఒక పని. చైతన్యం అనేది అసలు ఉందా అని 1904లో జేమ్స్ అడిగినప్పుడు చాలామంది ఉలిక్కిపడ్డారు. ఆలోచనలు లేవని ఆయన అనలేదు. ఆలోచనలు తయారయ్యే వేరే సరుకేదో లోపల ఉందన్న ఊహను మాత్రమే కాదన్నాడు. మీరిప్పుడు కూర్చున్న గదినే తీసుకోండి. మేస్త్రీ, సున్నం, మరమ్మతుల వరసలో అది ఆ ఇంటి చరిత్ర. మీ జ్ఞాపకాలు, కోరికలు, చికాకుల వరసలో అదే మీ మనసులోని విషయం. గది మాత్రం ఒక్కటే.

2. అనుభవం తలలోపల ఆడే బొమ్మ కాదు, లోకంతో మన లావాదేవీ. పిల్లవాడు కొవ్వొత్తి మంట చూశాడు, చెయ్యి చాచాడు, కాలింది, వెనక్కి లాక్కున్నాడు. ప్రేరణ, ప్రతిస్పందన అంటూ ఆనాటి మనస్తత్వ శాస్త్రం దీన్ని ముక్కలుగా కోసేది. 1896లో డ్యూయీ ఆ కోతను ఒప్పుకోలేదు. చూడటమూ పనేనన్నాడు. చూపు చేతిని నడిపిస్తోంది, చెయ్యి చూపును నిలబెడుతోంది. కాలాక ఆ పిల్లవాడికి కనిపించే మంటే మారిపోయింది. ఇప్పుడది కాల్చే వెలుగు. చేయడం, చేసినదాని ఫలితాన్ని భరించడం, ఈ రెండూ కలిస్తేనే అనుభవం.

3. ఎరుక అలవాటు తడబడిన చోట పదునెక్కుతుంది. రోజూ నడిచే బండి మీద ఎవరికీ ధ్యాస ఉండదు. మొరాయించిన రోజు మెకానిక్ కిక్ కొట్టి చప్పుడు వింటాడు. ప్లగ్ విప్పి మొన చూస్తాడు. మసి పట్టి నల్లబడితే పెట్రోలు ఎక్కువ పడుతోందేమోనని అనుమానిస్తాడు. ప్లగ్ రుద్ది బిగించి, కార్బురేటర్ స్క్రూ కాస్త తిప్పి మళ్లీ కొడతాడు. ఇంజను అందుకుంటే అనుమానం నిలిచినట్టు, లేదంటే ఇంకో దారి వెతకాలి. ప్రయోగశాలలో శాస్త్రవేత్త చేసేదీ ఇదే. ఆలోచనకు ఇంతకంటే పెద్ద కులగోత్రాలు లేవు.

4. పని జరిగితే చాలు, అదే నిజం అనే అవకాశవాదంతో మాకు పొత్తు లేదు. ఓట్లు రాల్చిన అబద్ధం అబద్ధమే. జేమ్స్ మాటల్లో ఆ జారుడు ఉందని తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ ఎత్తిపొడిచాడు. ఆ విమర్శను మేం దాటవేయం. ఫలితం ఎవరికి, ఎన్నాళ్లకు, ఎవరి కష్టం మీద అన్న ప్రశ్నలన్నీ అడిగాకే ఒక మాట నిలిచిందో లేదో చెబుతాం.

5. అనుభవాన్ని పంచుకోనివ్వని సమాజం ఆలోచించలేదు. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరిన అంబేడ్కర్‌కు డ్యూయీ గురువు. ప్రజాస్వామ్యం పాలనా పద్ధతి ఒక్కటే కాదు, కలిసి బతికే తీరు అన్న డ్యూయీ భావన 1936 నాటి 'కుల నిర్మూలన'లో మన నేల మీద నిప్పులా రాజుకుంది. కులం పనులనే కాక పనిచేసే మనుషులనూ విడగొడుతుందని అంబేడ్కర్ చూపించాడు. ఒక వాడ అనుభవం ఇంకో వాడకు చేరకపోతే రెండు వాడల తెలివీ కుంటుపడుతుంది. అందుకే కుల నిర్మూలన మాకు తత్వశాస్త్రం లోపలి పని.

మేం చేసేవి

మా ప్రతి సమావేశం ఒక నిజమైన చిక్కుతో మొదలవుతుంది. బోరు ఎందుకు ఎండింది, బడిలో పిల్లలు లెక్కలంటే ఎందుకు జడుస్తున్నారు, ఇంటి చాకిరీ ఎవరి లెక్కలోకీ ఎందుకు రాదు అన్నవే మా ప్రశ్నలు. ఆ పని చేసేవాళ్లు ముందు మాట్లాడతారు, పుస్తకం చదివినవాళ్లు తర్వాత.

పర్స్, జేమ్స్, డ్యూయీ, జేన్ ఆడమ్స్ రచనలను తెలుగులోకి తెస్తాం. 1889లో షికాగోలో హల్ హౌస్ తెరిచి, వలస కార్మికుల మధ్య బతుకుతూ ఆలోచించిన ఆడమ్స్‌ను చివరి పేరుగా తోసేయం.

మేం చేసే ప్రతి తీర్మానం కింద ఒక ప్రశ్న రాస్తాం: ఏం జరిగితే ఇది తప్పని ఒప్పుకుంటాం? జవాబు రాయలేని తీర్మానాన్ని వెనక్కి తీసుకుంటాం.

ఈ ప్రణాళికకూ అదే నిబంధన. ఏడాది తిరిగేసరికి మా చర్చల వల్ల ఒక్క బడిలోనో, పొలంలోనో, ఇంట్లోనో పని తీరు మారకపోతే, పైన రాసినవాటిలో ఏది పొల్లో అందరి ముందూ తేల్చి కొట్టేస్తాం. ఆ లెక్క అడగడానికి సిద్ధపడే ప్రతివారికీ ఇందులో సభ్యత్వం ఉంది. ప్రవేశ రుసుం ఒక్కటే: మీరు గట్టిగా నమ్మే ఒక మాటను పరీక్షకు తెండి.